కోట తలుపు లెవరికొఱకు?

కోట యనునది పగవానిని వెలుపల నిలుపుటకై పుట్టినది. అగడ్త త్రవ్వుట, బురుజు లేపుట, గుమ్మపు తలుపులకు ఇనుప ములుకులు దిగగొట్టుట, ఇదియంతయు నొక్క ప్రశ్నకు సమాధానము: లోనికి రాదగినవా డెవడు? రాగూడనివా డెవడు? ఫిరంగుల కాలము గతించినది; అగడ్తలలో తుమ్మలు మొలచినవి; కాని యా ప్రశ్న మాత్రము గతింపలేదు. నేడు దేశమందంతటను పాతకోటలను సంగీతసభలకును, నాటకములకును, చిత్ర ప్రదర్శనములకును, ఉత్సవములకును వినియోగింపవలె నను మాట బయలుదేరినది. ఇది మంచిమాటయే. అయితే ఏ కోట? ఎవరి చేతిలో? ఎవరి యుత్సవమునకు? ఏ షరతులమీద? ఈ నాలుగింటికి బదులు చెప్పక కోటలను తెఱచితిమనుట తెఱచుట గాదు, కావలివానిని మార్చుట మాత్రమే.

ఈ విషయమున రెండు పక్షములు కలవు. మొదటిది తాళపుచెవి పక్షము. ప్రాచీన కట్టడమును ముట్టరాదు. అందు దీపము పెట్టరాదు, పాట పాడరాదు. రక్షిత కట్టడమని పలక యొకటి పాతి తాళము బిగించిన చాలునని వీరి మతము. వీరి భయ మకారణము గాదు. కాని తాళము వేసిన యిల్లు ఎన్ని వానలకు నిలుచును? ఱాతిసందున రావిమొలక యొకటి పుట్టి, దానిని పెరుకు చేయి లేక, పది సంవత్సరములలో గోడను రెండుగ చీల్చును. వాననీరు పారు కాలువ పూడిపోయి, నీరు గోడ గర్భమున నిలిచి, బురుజు ఉబ్బి ఒకనాడు కూలును. రాయలసీమ కొండదుర్గముల సంగతి ఎఱుగనివా రెవరు? గుప్తనిధు లున్నవను మూఢాశతో రాత్రివేళల గడ్డపారలు పట్టి వచ్చువారు దేవుని పీఠములను సైతము పెల్లగించిపోవుచున్నారు. మనుష్యసంచారము లేని కోట దొంగకును, వేరునకును, వాననీటికిని వశమగును. కాబట్టి కోటలోనికి జనులు రావలసినదే, పని జరుగవలసినదే. తాళపుచెవి పక్షమువారితో మాకు ఇచ్చటనే తెగినది.

రెండవది వేలముపాట పక్షము. వీరు కోటను జూచి చరిత్ర గాంచరు, చదరపు గజములు గాంచెదరు. 2019 సెప్టెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వము ఇరువదియైదు కోటలను వసతిగృహములకును, పెండ్లి వేడుకలకును కౌలునకిచ్చు నాలోచన చేయుచున్నదను వార్త పొక్కినప్పుడు ఆ రాష్ట్రమున పుట్టిన యలజడి పాఠకులకు జ్ఞప్తి యుండును. శివాజీమహారాజు చరిత్రతో సంబంధించిన కోటల జోలికి పోమని ప్రభుత్వమువారు వివరణ నిచ్చుకొనవలసి వచ్చినది. ఆ వివరణలోనే తప్పు బయటపడినది. పేరుపడ్డ కోటకు మర్యాద, పేరులేని కోటకు పెండ్లిపందిరియా? పేరులేని కోటలో చచ్చిన బంటునకు ప్రాణము తక్కువయా?

మఱియొక పథకము కలదు. 2017లో కేంద్రప్రభుత్వము ప్రాచీన కట్టడములను ‘దత్తత’ నిచ్చు పద్ధతి నారంభించినది. దాని ననుసరించి 2018 ఏప్రిలులో ఢిల్లీ ఎఱ్ఱకోటకును, మన కడపజిల్లా గండికోటకును డాల్మియా భారత్ కంపెనీతో ఒడంబడిక జరిగినది; ఐదేండ్లకు ఇరువదియైదు కోట్ల రూపాయలని చెప్పిరి. ఇది యమ్మకము గాదు, త్రాగునీరు, మరుగుదొడ్లు, త్రోవలు, దీపములు మొదలగు వసతుల యేర్పాటు మాత్రమే యని అధికారులు సెలవిచ్చిరి. కావచ్చును. వసతులు వలదని మేమనము. కాని వారెన్నుకొన్న మాటను వారికే యప్పగింతుము. దత్తత యనగా నేమి? మన పూర్వ ధర్మశాస్త్రము ననుసరించి బిడ్డను దత్తతనిచ్చు నధికారము తల్లిదండ్రులకే కాని సంరక్షకునికి లేదు. ఆధునిక శాసనము సంరక్షకునికి ఆ యధికారము నొసగినను, ముందుగ న్యాయస్థానపు టనుమతి పొందవలెనని నిర్బంధించినది. ఏల? ఇచ్చువాడు బిడ్డ మేలు చూచుచున్నాడో, తన బరువు దించుకొనుచున్నాడో తటస్థుడొకడు విచారింపవలెను గనుక. కోటకు తల్లిదండ్రులు ప్రజలు. ప్రభుత్వము సంరక్షకుడు. మఱి ఆ యొడంబడికపై సంతకము పడకమునుపు గండికోట గ్రామస్థుల నడిగినవా రెవరు? జమ్మలమడుగులో సభ పెట్టి షరతులు చదివి వినిపించినవా రెవరు? తల్లి యెఱుగని దత్తత దత్తత యగునా?

కోటను క్రొత్తపనికి వినియోగించుట నేడు పుట్టిన యాలోచన గాదు. పరప్రభుత్వము దానిని మనకంటె బాగుగ నెఱుగును. ఎఱ్ఱకోటనే చూడుడు. 1858 జనవరిలో, తన తాత ముత్తాతలు కొలువుదీరిన దివాన్-ఇ-ఖాస్‌లోనే, ముసలి బహద్దూరుషాను ముద్దాయిగ నిలిపి విచారించిరి. విచారణకు మఱియొక గది దొరకకనా? కాదు. రాజు కూర్చున్నచోట రాజును నేరస్థునిగ నిలుపుటయే వారి తీర్పు; తక్కినది కాగితము. ఆ పిమ్మట లోపలి మందిరములలో పెక్కింటిని పడగొట్టి సైనికుల బారకాసులు కట్టిరి. మఱల 1945 నవంబరులో, ఆజాద్ హింద్ ఫౌజు నాయకులగు షానవాజ్ ఖాన్, ప్రేమకుమార్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లను ఆ కోటలోనే సైనిక న్యాయస్థానము నెదుట నిలిపిరి. మొదటి విచారణ ఫలించినట్లే ఇదియు ఫలించునని వారి యూహ. కాని భూలాభాయి దేశాయి వాదన వినుటకు దేశమంతయు చెవియొగ్గెను. జవహర్‌లాలు ఎన్నియో యేండ్లకు మఱల వకీలు గౌను తొడిగెను. విధించిన శిక్షను అమలుజరుపుటకు సర్కారునకు చేతులు రాలేదు. 1947 ఆగష్టు 16న ఆ కోటపై మన జెండా యెగిరెను. ఱాళ్ళు అవియే, గోడలు అవియే. వాటియందు జరిగిన పనినిబట్టి ఆ చోటు ఒకప్పుడు మన యవమానము, ఒకప్పుడు మన గౌరవము. వినియోగము చిన్న విషయము గాదనుటకు ఇంతకంటె సాక్ష్యము కావలయునా?

స్వరాజ్యము వచ్చిన పిదప కూడ ఆ కోట చిరకాలము సైన్యము చేతిలోనే యుండెను. 2003 డిసెంబరులో సైన్యము దానిని పురావస్తు శాఖకు వప్పగించినది. 2019 జనవరిలో, పరప్రభుత్వము కట్టిన బారకాసులలోనే, నేతాజీకిని, ఆజాద్ హింద్ ఫౌజునకును, 1857 తిరుగుబాటునకును, జలియన్‌వాలాబాగు మృతులకును సంబంధించిన ప్రదర్శనశాలలు తెఱచిరి. ఈ పనిని మేము మనసార మెచ్చుకొనుచున్నాము. జనులను అణచుటకు కట్టిన కొట్టము జనుల కథ చెప్పు కొట్టమైనది. కోటకు తగిన పని యెట్లుండునో తెలియగోరువారు దీనిని చూచి తెలిసికొనవచ్చును.

ఇట్టి పని జరుగని చోటులు మాత్రము పెక్కు కలవు. 1942 ఆగష్టులో కాంగ్రెసు కార్యవర్గమును నిర్బంధించిన అహమ్మదునగరు కోటను తలచుకొనుడు. నెహ్రూ, పటేలు, ఆజాదులతో పాటు మన బందరు పట్టాభి సీతారామయ్యగారును అచ్చట చెఱ యనుభవించిరి. నెహ్రూ భారతదేశ చరిత్రను పరిశీలించుచు ప్రసిద్ధ గ్రంథమును వ్రాసినది, ఆజాదు తన లేఖలు వ్రాసికొన్నది, పట్టాభిగారు తమ దినచర్యను గ్రంథముగ కూర్చినది ఆ గోడల నడుమనే. పుస్తకములు పుట్టిన కోట యది. అట్టిచోట భారతీయ భాషలన్నిటి పుస్తకములును దొరకు పఠనమందిర మొకటి యుండిన నెంత సొగసు! గ్రంథాలయములనే కోటలుగ జేసికొని పోరాడిన జాతి మనది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును స్థాపించిన పెద్దలకు ఫిరంగులు లేవు, బీరువాలు కలవు. ఆ బీరువాలను నేడు కోటలలో నిలుపుట కేమి యడ్డము?

ఇది కలలోని మాట యని నవ్వువారు విజయనగరము పోయి చూతురు గాక. 1713లో పునాదివేసిన కోట యది. 1757లో బుస్సీ ఫ్రెంచి పటాలముతో గూడి బొబ్బిలిపై నడచినది ఆ సంస్థానపు సేనయే. ఆ వంశములోని పి.వి.జి. రాజుగారు 1958లో మాన్సాస్ సంస్థను స్థాపించి కోటను విద్యాదానమునకు వినియోగించిరి. ఏనుగులు నిలిచిన గుమ్మమున నేడు పుస్తకములు చంకబెట్టుకొని విద్యార్థులు నడచుచున్నారు. రాజస్థానమున జోధపూరు మెహ్రాన్‌గఢ్ దుర్గము సంగతి మఱియొకటి. 1972లో ఏర్పడిన ధర్మకర్తృత్వ సంస్థ దానిని ప్రదర్శనశాలగ నడుపుచున్నది. 2007 నుండి అచ్చట జానపద సంగీతోత్సవము జరుగుచున్నది. ఎడారి గ్రామముల లంగాలు, మాంగణియారులు దానిలో పాడుదురు. కోటలో వినోదము తగదని మేమనుట లేదు. ఆ నేలవాని గొంతు ఆ గోడలలో వినబడవలె నందుము.

మనవద్ద వినబడుచున్న దేమి? చీకటిపడగనే రంగురంగుల దీపములు, పెద్దగొంతుక యంత్రములు. ఏ కోట కేగినను రాజు, రాణి, నర్తకి, పగ, వలపు, ఇంతే కథ. కొండమీదికి ఱాళ్ళు మోసిన ఒడ్డెవా డెక్కడ? గచ్చు నూరిన కూలిది యెక్కడ? బురుజుమీద నిద్రమాని నిలిచిన బోయ బంటు ఎక్కడ? ఇల్లలుకగనే పండుగ కాదన్నట్లు, దీపములు పెట్టగనే చరిత్ర కాదు. బొబ్బిలి కథను తెలుగునాట ఊరూర నిలిపినది ఏ ప్రభుత్వ శాఖయు గాదు. తంబుర పట్టి, అందె మ్రోయించి, రాత్రులు తెల్లవార్లు చెప్పిన కథకులు. హరికథ, బుఱ్ఱకథ, ఒగ్గుకథ, సురభి నాటకము అన్నియు తిండికి వాచుచుండగా, పరదేశపు యంత్రములు తెచ్చి గోడలమీద బొమ్మలాడించుటకు సొమ్ము పోయుట ఏపాటి సంస్కృతి?

గోలకొండలో ఒక వింత కలదు. ఫతే దర్వాజాకడ చప్పట్లు చరచిన కొండకొననున్న బాలాహిసారున వినబడును. ఆ శిల్పులు ఱాతితోనే పలుకు పంపిరి. అట్టి కోటలో గోడలదరునట్లు యంత్రములు మ్రోయింప బూనుట తాతకు దగ్గులు నేర్పుట గాదా? అదే గోలకొండలో భద్రాచల రామదాసు బందిఖానా కలదు. దానికి దీపాలంకరణము లేకున్నను, చీకటి గదిలో గోడపై రామదాసు చెక్కినవని చెప్పుకొను మూర్తులను జూచుటకు జనులు వరుసగట్టి పోవుదురు. చెఱసాలను జనులే గుడిగ మార్చుకొనిరి. బోనాల ప్రథమపూజ ఆ కోటమీదనే జరుగుచున్నది. 2014 నుండి తెలంగాణ ప్రభుత్వము స్వాతంత్ర్యదినోత్సవమున అచ్చటనే జెండా యెగురవేయుచున్నది. జనులకు కోటతో నెట్టి పొత్తు కలదో తెలియుటకు ఇవి చాలవా?

ఇక శాసనము మాట. 1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టము పదునాఱవ సెక్షనులో ఒక మంచి నియమము కలదు. కేంద్రప్రభుత్వ పోషణలోనున్న రక్షిత కట్టడము పూజాస్థల మైనయెడల, దాని స్వభావమునకు విరుద్ధమగు పనికి దానిని వినియోగింపరాదు. న్యాయమే. కాని వీరులు నెత్తురు కార్చిన చోటునకు స్వభావము లేదా? 1806 జూలైలో వేలూరు కోటలో చెన్నపట్టణపు పటాలముల సిపాయీలు తిరుగబడి, పిదప ఊచకోతకు లోనైరి. ఆ నేలకు స్వభావము లేదని యే న్యాయవాది వాదించును? కోటల విషయమున చట్టము మూగపోయినది. 1959 నాటి నిబంధనలు మాత్రము, లిఖితపూర్వకమైన కేంద్రప్రభుత్వపు టనుమతి లేనిదే రక్షిత కట్టడములలో సభలు, విందులు, వినోదములు జరుపరాదనుచున్నవి. ఏ వినోదమునకు అనుమతి నీయవలెను, దేనికి నిరాకరింపవలెను అను కొలబద్ద యందు లేదు. కొలబద్ద లేని యధికారము పరిచయముగలవానికి వరము, పరిచయములేనివానికి గోడ. ధనికుని విందునకు వారములో కాగితము వచ్చి, పాఠశాల బాలుర నాటకమునకు ఏడాదియైనను రాకపోయిన, ప్రశ్నించుటకు ఆధారమేది?

“సొమ్ము లేదు, ఏమి చేయుదు” మని వేలముపాట పక్షమువా రడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. దీనికి మా యుత్తరము రెండు విధములు. కోటకు కావలసినది ఏడాదికొకసారి వెలుగు వేయి దీపములు గావు. వానలకు ముందు కాలువలు తీయు పదిమంది కూలీలు, మొలకలు పెరుకు చేతులు, సున్నపు గచ్చు కలుప నేర్చిన మేస్త్రీ. ఇవి పెద్దఖర్చులు గావు. నిత్యము చేయవలసినవి, అందుచేత పేరు రానివి. పేరు రాని పనికి కంపెనీ సొమ్ము రాదు, పేరు వచ్చు పనికే వచ్చును. రెండవది, వేడుకల తొందరలో జరుగు మరమ్మతు పలుమారు మరమ్మతే గాదు. పాత సున్నపు గోడకు సిమెంటు పూసిన, లోని తేమ వెలికి రాలేక ఱాయి పొరలుగ రాలును. దీపములకై ఱాతికి బెజ్జములు పెట్టిన, వాటివెంట నీరు దిగును. కొండనాలుకకు మందువేయగా ఉన్ననాలుక యూడిన చందమిది. ఇట్టి పనికి వచ్చిన సొమ్ము లాభమా, నష్టమా?

దాతలను రావలదనుట మా యుద్దేశము గాదు. దేవాలయములకు మాన్యములిచ్చిన వర్తకులు మన దేశమున పుట్టలేదా? వారు శాసనము వేయించిరి. అందు తాము ఇచ్చినదేదో, దానితో జరుగవలసినదేదో, దానిని చెఱచినవానికి గలుగు పాపమేదో స్పష్టముగ చెక్కించిరి. గుడి గోడపై వీధిలోని ప్రతివాడును చదువునట్లు చెక్కించిరి. నేటి యొడంబడికలనుగూడ అట్లే కోటగుమ్మమున చదువనీయుడు. అంతకంటె మేము కోరునది లేదు.

కాబట్టి మా కోర్కెలు ఇవి. మొదటిది: కోటను ఏ క్రొత్తపనికి వినియోగింప దలచినను, ముందుగ ఆ యూర బహిరంగసభ జరిపి, షరతులను తెలుగున ప్రకటించి, ఆక్షేపణలు విని, జవాబు వ్రాతమూలముగ నీయవలెను. రెండవది: పూజాస్థలములకున్నట్లే, వీరస్మృతిగల కోటలకును స్వభావవిరుద్ధ వినియోగము కూడదని చట్టమును సవరింపవలెను, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమున, 2017 నాటి తెలంగాణ చట్టమునగూడ ఆ నియమమును చేర్పవలెను. మూడవది: కోటలో వచ్చిన రాబడి ఆ కోట కాలువకు, గచ్చునకు, కాపలాకు ముందు చెల్లవలెను, లెక్క ఏడాదికొకసారి అచ్చువేయవలెను. నాలుగవది: ఏడాదిలో జరుగు ప్రదర్శనములలో సగమునకు తక్కువగాక స్థానిక కళాకారులకు, పాఠశాలలకు కేటాయింపవలెను, ఆ దినములందు ఊరివారికి టిక్కెట్టు ఉండరాదు. ఐదవది: కోటలోపల తరతరములుగ కాపురమున్నవారిని వేడుకలపేర వెళ్ళగొట్టరాదు. జనులను తరిమి సంస్కృతిని నిలిపెదమనుట చెట్టు నఱికి నీడను కాపాడెదమనుటయే.

పట్టణవాసులగు పాఠకులారా! ఇది ఢిల్లీలో తేలవలసిన వ్యవహారమని తలచి ఊరకుండకుడు. మీ తాలూకాలో కోట లేనిచో బురుజైనను ఉండును, బురుజు లేనిచో ఠాణా యైనను ఉండును. ఆదివారమున పఠనమందిరమునుండి పదిమంది కూడి పోయి చూడుడు. ఎచ్చట మొలక లేచినదో, ఎచ్చట గోడ చీలినదో, ఎవరు త్రవ్విరో, ఎవరి కౌలులో నున్నదో వ్రాసికొని రండు. సమాచార హక్కు చట్టము 2005 నుండి మీ చేతిలో నున్నది. షరతుల నకలు కోరుడు. మీ యూరి కథకుని పిలిచి, అనుమతి పొంది, ఆ గోడలనీడ ఒకరాత్రి కథ చెప్పింపుడు. అనుమతి నీయనిచో, ఏల యీయలేదో వ్రాసి యిమ్మనుడు.

1687లో ఎనిమిది నెలలు ముట్టడించినను ఔరంగజేబు ఫిరంగులకు గోలకొండ లొంగలేదు. లంచము తిన్న లోపలివాడొకడు రాత్రివేళ తలుపు తీసెను. తెల్లవారునప్పటికి రాజ్యము లేదు. కోటలు పలుమా రట్లే పడినవి. నేడును కోటల తలుపులు తీయవలసినదే. కాని అది పట్టపగలు, ఊరందరు చూచుచుండగా, అందరి సమ్మతితో జరుగవలెను. రాత్రివేళ, తెలియని షరతులమీద, ఒక్కనికొఱకు తెఱచు తలుపు ఏ పేరున తెఱచినను ద్రోహపు తలుపే.